తిరిగి వినిపించిన గొంతు: విరామం తరువాత జిక్కి పాటలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• చాలాకాలం విరామం తరువాత ఒక గాయని పాడిన పాటలను ఏ ప్రశ్నలతో పరిశీలించాలో చెప్పగలుగుతారు.
• తన పాటలు తానే కట్టుకునే గాయని పునరాగమనానికీ, నేపథ్యగాయని పునరాగమనానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• 1991, 2001 సంవత్సరాల్లో వచ్చిన సినిమాలకు జిక్కి పాడిన మూడు పాటలను పోల్చి, మీ సొంత అంచనా రాయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

మీలో చాలామంది జిక్కి పేరు విని ఉండకపోవచ్చు. ఆమె గొంతు మాత్రం విన్నారు. పెద్దపల్లిలోనో గోదావరిఖనిలోనో ఏ ఫంక్షన్ హాలుకు పెళ్లికి వెళ్లినా, పెళ్లి వీడియోలు ఏవి చూసినా, 'మురారి' సినిమాలోని 'అలనాటి రామచంద్రుడు' పాట ఎప్పుడో ఒకప్పుడు చెవినపడుతుంది. 2001లో వచ్చిన ఆ పాటను ముగ్గురు పాడారు: సునీత, సంధ్య, జిక్కి. మొదటి ఇద్దరూ ఆ కాలపు గాయనులు. మూడో ఆవిడ 1943లో 'పంతులమ్మ' సినిమాతో చిన్నపిల్లగా తెరకు పరిచయమైన మనిషి. ఆ రెండు సినిమాల మధ్య 58 ఏళ్లు ఉన్నాయి. వాటిలో పెద్ద భాగం, తెలుగు సినిమాకు సంబంధించినంతవరకు, దాదాపు మౌనం.

కళాకారులు కొంతకాలం కనుమరుగై మళ్లీ వచ్చినప్పుడు పత్రికలు రెండే మాటలు రాస్తాయి. 'గొంతులో ఏ మార్పూ లేదు' అన్నది ఒకటి. 'ఈ వయసులో కూడా ఎంత బాగా పాడారో' అన్నది రెండోది. వినడానికి రెండూ ప్రశంసలే. విమర్శగా మాత్రం రెండూ నిలబడవు. మొదటిది పాత పాటనే మెచ్చుకుంటుంది, రెండోది వయసును మెచ్చుకుంటుంది. కొత్త పాటను రెండూ వినవు. కొత్త పాటను వినడం ఎలాగన్నదే ఈ పాఠంలో మనం నేర్చుకోబోయే విషయం.

7.2 విరామానికి ముందు

జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. తెలుగు కుటుంబంలో పుట్టి, మద్రాసులో పెరిగారు. 1948లో వచ్చిన తమిళ చిత్రం 'జ్ఞానసౌందరి' ఆమెకు పెద్ద పేరు తెచ్చింది. 1950లలో తెలుగు, తమిళ సినిమాల్లో ముందు వరుస గాయనుల్లో ఆమె ఒకరు. గాయకుడు, సంగీత దర్శకుడు ఏ.ఎం. రాజాను పెళ్లి చేసుకున్నారు.

ఆ కాలపు పాటల్లో మూడింటిని గుర్తుంచుకుంటే మన పరిశీలనకు చాలు.

మొదటిది 'రోజులు మారాయి' (1955) లోని 'ఏరువాక' పాట. కొసరాజు రచన, మాస్టర్ వేణు సంగీతం. తెర మీద వహీదా రెహమాన్ నాట్యం చేసింది. జానపద బాణీలో నడిచే ఈ పాటలో జిక్కి గొంతు సన్నగా, చురుగ్గా, తాళం మీద ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది. 1960లో 'బంబయీ కా బాబు' అనే హిందీ సినిమాకు ఎస్.డి. బర్మన్ ఈ బాణీనే వాడుకున్నారు.

రెండోది 'సువర్ణసుందరి' (1957) లోని 'హాయి హాయిగా'. ఆదినారాయణరావు సంగీతంలో ఘంటసాలతో కలిసి పాడిన రాగమాలిక ఇది. ఒక రాగం నుంచి మరో రాగంలోకి జారుతున్నప్పుడు గొంతు తడబడకుండా నిలవాలి. హిందీలో ఇదే పాటను లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. జిక్కి జానపదానికే పనికొస్తుందని ఎవరైనా అంటే ఈ పాటే జవాబు.

మూడోది 'పెళ్లికానుక' (1960) లోని 'పులకించని మది'. సంగీతం రాజాదే. నెమ్మదైన పాట, గొప్ప విన్యాసాలేమీ ఉండవు. మాట మీద బరువు వేయకుండా మాటను పలికించడం ఇందులో వినవచ్చు.

ఈ మూడింటినీ కలిపి వింటే జిక్కి గొంతు లక్షణాలు తెలుస్తాయి. అది సన్ననిది, పై స్థాయికి తేలిగ్గా చేరేది, కొద్దిగా ముక్కుసాయ ఉన్నది. ఉచ్చారణ స్పష్టం. గమకాల బరువు తక్కువ, చిలిపితనం ఎక్కువ. ఈ లక్షణాలను మీ నోట్సులో రాసుకోండి. ముందు ముందు పోలికకు పనికొస్తాయి.

7.3 విరామం ఎవరిది?

1960లలో పి. సుశీల, ఎస్. జానకి గొంతులు తెలుగు పాటను నిండుగా ఆక్రమించాయి. కథానాయిక గొంతు అంటే ఎలా ఉండాలన్న ఊహే మారిపోయింది. 1966లో 'శ్రీకృష్ణపాండవీయం'లో 'ఛాంగురే బంగారురాజా' వంటి హుషారైన పాట జిక్కి పాడారు. ఆ తరువాత తెలుగు తెర మీద ఆమె గొంతు అరుదైపోయింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. 'జిక్కి చాలా ఏళ్లు పాడలేదు' అని రాస్తారు. అది నిజం కాదు. రాజాతో కలిసి ఆమె వేదికల మీద కచేరీలు చేస్తూనే ఉన్నారు. పాడడం ఆపింది జిక్కి కాదు, పాడించుకోవడం ఆపింది సినిమా. 'గాయని విరామం' అనే మాట రాసేముందు, ఆ విరామం గాయని తీసుకున్నదా, ఆమె మీద పడ్డదా అని అడగాలి. విమర్శకుడి మొదటి ప్రశ్న ఇదే.

ఈ తేడా తేటగా తెలియడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. జపాన్‌కు చెందిన ఉతాదా హికారు 1999లో 'ఫస్ట్ లవ్' అనే ఆల్బమ్‌తో ఆ దేశంలో అమ్మకాల రికార్డు సృష్టించిన పాప్ గాయని. పాటల రచన, స్వరకల్పన, గానం అన్నీ ఉతాదావే. 2010లో, పేరు ఉచ్చస్థితిలో ఉండగానే, కొంతకాలం మామూలు మనిషిగా బతకాలని ఉందని ప్రకటించి సంగీత జీవితానికి విరామం ఇచ్చారు. 2013లో తల్లి మరణించారు. ఆ తల్లి ఫుజీ కేయికో, జపాన్‌లో 'ఎంకా' అనే పాటల సంప్రదాయంలో పేరుమోసిన గాయని. 2016 సెప్టెంబరు 28న ఉతాదా కొత్త ఆల్బమ్ 'ఫాంటోమ్' వచ్చింది. అది ఫ్రెంచి మాట. కళ్లముందు లేకపోయినా మనల్ని వదలని ఛాయ అని అర్థం చెప్పుకోవచ్చు. తల్లి లేనితనం ఆ పాటల నిండా పరుచుకుని ఉంది. అంటే విరామంలో జరిగిన జీవితమే తిరిగివచ్చిన పాటకు వస్తువయింది. వెళ్లడం, రావడం, వచ్చి ఏం చెప్పాలన్నది, మూడూ గాయని చేతిలోనే ఉన్నాయి.

జిక్కి చేతిలో ఇవేవీ లేవు. నేపథ్యగాయనికి పాట ఒకరు రాస్తారు, బాణీ మరొకరు కడతారు, పెదవులు కదిపేది ఇంకొకరు. సంగీత దర్శకుడు పిలిస్తేనే ఆమె వస్తుంది. 1989 ఏప్రిల్‌లో రాజా రైలు ప్రమాదంలో చనిపోయారు. ఉతాదా తన దుఃఖాన్ని ఆల్బమ్‌గా మార్చుకోగలిగారు. జిక్కికి ఆ దుఃఖం గురించి పాడే పాట ఎవరూ ఇవ్వలేదు. నేపథ్యగాన వ్యవస్థలో అలాంటి పాటకు చోటే లేదు. కాబట్టి జిక్కి విషయంలో 'తిరిగి వచ్చింది' అనడం కంటే 'తిరిగి పిలిచారు' అనడం సరైనది. ఎవరు పిలిచారు, ఏ పని కోసం పిలిచారు అన్నది మన రెండో ప్రశ్న.

మన ప్రాంతపు వాళ్లకు బాగా తెలిసిన మూడో రకం కూడా ఉంది. గద్దర్ 1985 నుంచి అజ్ఞాతంలో ఉండి, 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో మళ్లీ జనం ముందు పాడారు. మనిషి కనిపించని ఆ కాలంలో కూడా పాటలు ఆగలేదు, వేరే గొంతులు వాటిని మోశాయి. ప్రజాగాయకుడి విరామంలో పాట జనం నోట్లో బతుకుతుంది. పాప్ గాయని విరామంలో అభిమానుల ఎదురుచూపులో బతుకుతుంది. నేపథ్యగాయని విరామంలో? రేడియోలో, క్యాసెట్లలో పాత పాటగా బతుకుతుంది. అందుకే ఆమె తిరిగి వినిపించినప్పుడు, వినేవాళ్ల చెవుల్లో ఆ గొంతుకు అప్పటికే 'పాతకాలం' అనే ముద్ర పడి ఉంటుంది. ఆ ముద్రను కొత్త పాట ఎలా వాడుకుందన్నదే మన మూడో ప్రశ్న.

7.4 1991: రెండు పిలుపులు

తమిళంలో ఇళయరాజా ఆమెను ముందే మళ్లీ పాడించారు. తెలుగులో చెప్పుకోదగిన సంవత్సరం 1991. ఆ ఏడాది వచ్చిన రెండు సినిమాల్లో జిక్కి గొంతు ఉంది. రెండు పాటలూ వేటూరి రాసినవే. అయినా ఆ గొంతుకు అప్పగించిన పనులు పూర్తిగా వేరు.

'సీతారామయ్యగారి మనవరాలు' సంక్రాంతి రోజుల్లో విడుదలైంది. తాత, నాయనమ్మ, మనవరాలి మధ్య నడిచే ఇంటి కథ. సంగీతం కీరవాణి. ఇందులో 'వెలుగురేఖలవారు' పాటను జిక్కి, చిత్ర కలిసి పాడారు. ఆడవాళ్లు ఇంట్లో, వాకిట్లో పాడుకునే పాటల ధోరణిలో సాగుతుంది. చిత్ర గొంతు గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. పక్కనే జిక్కి గొంతు సన్నగా, కాస్త ఎండిన అంచుతో వినిపిస్తుంది. రెండు గొంతుల తేడాను దాచే ప్రయత్నం కీరవాణి చేయలేదు, ఆ తేడాతోనే పాట నడిపారు. పెద్దతరం, చిన్నతరం ఒకే ఇంట్లో ఉన్నాయన్న కథాంశం మాటల్లో చెప్పకుండానే చెవికి అందుతుంది. వయసును వయసుగానే చూపించిన పిలుపు ఇది. గౌరవం ఉన్న పని, కథకు అమరిన పని. అయితే ఊహించదగిన పని కూడా. పెద్దావిడ గొంతుకు పెద్దావిడ చోటు ఇచ్చారు.

'ఆదిత్య 369' అదే సంవత్సరం జూలైలో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఇళయరాజా సంగీతం. కాలయంత్రం ఎక్కి 1526 నాటి విజయనగరానికీ, ఆపైన 2504వ సంవత్సరానికీ వెళ్లే కథ. విజయనగర భాగంలో వచ్చే 'జాణవులే' పాటను బాలసుబ్రహ్మణ్యం, జిక్కి, ఎస్.పి. శైలజ పాడారు. జిక్కి గొంతు రాజనర్తకిది. తెర మీద ఆ నర్తకి సిల్క్ స్మిత.

ఈ ఎంపికలోని తెలివిని నిదానంగా చూడాలి. 1526లో నర్తకి ఎలా పాడేదో మనలో ఎవరికీ తెలియదు. అది ఏ రికార్డులోనూ లేదు. కాలం వెనక్కి వెళ్లిందని ప్రేక్షకుడికి చెవి ద్వారా ఎలా చెప్పాలి? కోటలు, నగలు, పల్లకీలు కంటికి చెబుతాయి. చెవికి చెప్పడానికి ఇళయరాజా తెలుగువాళ్లకు తెలిసిన 'పాతకాలపు గొంతు'ను తెచ్చారు. 1950ల సినిమా గొంతు 465 ఏళ్ల కిందటి కాలానికి గుర్తుగా నిలబడింది. ప్రేక్షకుడు నిజంగా వెళ్లింది కృష్ణదేవరాయల కాలానికి కాదు, 'సువర్ణసుందరి' కాలానికి. రాజులు, నర్తకులు, ఆస్థానాలు తెలుగువాళ్ల ఊహలో స్థిరపడింది ఆ జానపద, చారిత్రక చిత్రాల రోజుల్లోనే కదా. 'జాణ', 'నెరజాణ' వంటి ప్రబంధాల నాటి పలుకుబడులను వేటూరి పల్లవిలోనే పెట్టడం కూడా ఇదే పనిలో భాగం. మాట పాతది, గొంతు పాతది, రెండూ ఒకే వైపు లాగుతాయి.

ఇది ఇక్కడితో ఆగితే, గొంతును మ్యూజియం వస్తువుగా వాడుకున్నారని తప్పుపట్టవచ్చు. ఆగలేదు. పాటలో ఆ గొంతు చేసే పని చూడండి. అది ముసలితనాన్ని అభినయించదు. కవ్విస్తుంది, సవాలు చేస్తుంది, మగగొంతుకు మాటకు మాట అప్పగిస్తుంది. అప్పటికి యాభై దాటిన గాయని, నిండు యవ్వనంలో ఉన్న నర్తకికి గొంతు ఇచ్చింది. ఎక్కడా అతకనట్టు అనిపించదు. 'ఏరువాక'లో, 'ఛాంగురే'లో మనం విన్న చిలిపితనం ఇక్కడ పనిలో ఉంది. వయసు వల్ల ఊపిరి తగ్గి ఉండవచ్చు. పాటను ముగ్గురి మధ్య పంచడంతో, ఒక్క గొంతే పొడవుగా మోయవలసిన బరువు లేకుండా పోయింది. అందువల్ల విన్నవాళ్లకు బలహీనతకు బదులు చురుకుదనం మిగిలింది.

నేను గోదావరిఖని వైపు సంపర్క తరగతులు చెప్పిన రోజుల్లో ఈ రెండు పాటలనూ పేర్లు చెప్పకుండా వినిపించేవాణ్ని. మొదటి పాటలో ఒక పెద్దావిడ పాడుతోందని చాలామంది పోల్చేవారు. రెండో పాటలో ఆ మాట ఎవరూ అనేవారు కాదు. గాయని ఒక్కరే అని చెబితే, 'ఈ వయసులో కూడానా' అన్న మాట వచ్చేది. ఒకసారి, బాయి పని చేసే భర్తనూ పిల్లలనూ చూసుకుంటూ పన్నెండేళ్ల తరువాత డిగ్రీలో చేరిన విద్యార్థిని ఆ మాటకు అభ్యంతరం చెప్పింది. తనను కూడా అందరూ ఈ వయసులో చదువా అని మెచ్చుకుంటారనీ, తన జవాబు పత్రంలో ఏముందో మాత్రం ఎవరూ అడగరనీ ఆమె ఫిర్యాదు. విమర్శ సూత్రాన్ని అంతకంటే సూటిగా నేను చెప్పలేను. తిరిగివచ్చినవారిని జాలితో కాదు, పనితో కొలవాలి. మీలో చాలామంది చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టినవారే. కాబట్టి ఈ తేడా మీకు పుస్తకంలో చెప్పనక్కర లేకుండానే తెలుసు.

7.5 2001: 'అలనాటి' పాట, ఒక ప్రశ్న

పదేళ్ల తరువాత కృష్ణవంశీ దర్శకత్వంలో వచ్చిన 'మురారి'కి సంగీతం మణిశర్మ. 'అలనాటి రామచంద్రుడు' పాట సిరివెన్నెల సీతారామశాస్త్రి రచన. అప్పటికి జిక్కి వయసు అరవై దాటింది. పెళ్లింటి సందడి మధ్య ఇంటి పెద్దావిడలు పాడే పాటకు నిజమైన పెద్దావిడ గొంతు కావలసివచ్చింది. పాట తెలుగువాళ్ల పెళ్లిళ్లలో స్థిరపడిపోయింది. జిక్కి పాడిన ఏ పాటా ఈనాటి పిల్లలకు ఇంతగా చేరలేదు.

అయితే విమర్శకుడు ఇక్కడ గెలుపుతో తృప్తిపడకూడదు. ఈ పాట ఆ గొంతుకు ఇచ్చిన పని 1991 జనవరి పని లాంటిదే. ఇంటి పెద్దతరం, సంప్రదాయం, ఆశీర్వాదం. ఆ పనిని జిక్కి చక్కగా చేశారు. సునీత, సంధ్యల లేత గొంతుల మధ్య ఆమె గొంతు పెళ్లిపందిట్లో కూర్చున్న నాయనమ్మలా కుదురుకుంది. కానీ ఆమె గొంతులో ఉన్న కొంటెతనాన్ని 'జాణవులే' నమ్మినంతగా ఈ పాట నమ్మలేదు. తెలుగు సినిమా వయసు మళ్లిన మగగొంతుకు కథానాయకుడి పాటలు ఇస్తూనే ఉంటుంది. యాభై దాటాక కూడా బాలసుబ్రహ్మణ్యం కుర్ర కథానాయకులకు పాడారు. వయసు మళ్లిన ఆడగొంతుకు మాత్రం నాయనమ్మ వేషమే సిద్ధంగా ఉంటుంది. జిక్కి పాటలను బట్టి మనం చేయగల పెద్ద ఆరోపణ ఇదే. అది ఆమె మీద కాదు, పిలిచినవారి ఊహ మీద.

దీనికి ఎదురువాదం ఉంది. దాన్ని కూడా మీరు తెలుసుకోవాలి. పిలవడమే గొప్ప కదా, ఎందరో గాయనులను ఎవరూ మళ్లీ పిలవలేదు కదా అని కొందరు అంటారు. నిజమే. కీరవాణి, ఇళయరాజా, మణిశర్మ ముగ్గురూ తమ తరం మరిచిపోయిన గొంతును గుర్తుపెట్టుకున్నారు. ఆ కృతజ్ఞత చెప్పుకోవలసిందే. కానీ కృతజ్ఞత వేరు, అంచనా వేరు. మూడు పిలుపుల్లో ఒక్కటే ఆ గొంతును దాని పూర్తి శక్తితో వాడుకుంది. మిగిలిన రెండూ మంచి పాటలు. 'జాణవులే' మంచి పాట మాత్రమే కాదు, మంచి వినికిడి కూడా. సంగీత దర్శకుడు ఆ గొంతు వయసును కాక స్వభావాన్ని విన్నాడు.

జిక్కి 2004 ఆగస్టు 16న చెన్నైలో కన్నుమూశారు.

7.6 పరిశీలనకు నాలుగు ప్రశ్నలు

విరామం తరువాత వచ్చిన ఏ కళాకారుల పని మీదైనా వ్యాసం రాసేటప్పుడు ఈ నాలుగింటినీ ఇదే వరుసలో అడగండి.

1. విరామం ఎవరిది? కళాకారులు కోరుకున్నదా, వారి మీద పడ్డదా? ఆ కాలంలో వారు మరెక్కడైనా పని చేశారా?

2. తిరిగి రావడం ఎవరి నిర్ణయం? తామే వచ్చారా, పిలిస్తే వచ్చారా? పిలిచినవారి అవసరం ఏమిటి?

3. విన్నవారి మనసులో ఉన్న పాత ముద్రను కొత్త పని ఎలా వాడుకుంది? దాన్నే అమ్ముకుందా, కొత్త అర్థం ఇచ్చిందా?

4. పాత పాటలు ఒక్కటి కూడా వినని శ్రోతకు ఈ పాట నిలబడుతుందా?

నాలుగో ప్రశ్న అన్నింటికంటే కఠినమైనది. 'మురారి' పాట ఆ పరీక్షలో సులువుగా గెలిచింది. జిక్కి ఎవరో తెలియకుండానే జనం దాన్ని తమ పెళ్లిళ్లలోకి తెచ్చుకున్నారు. 'జాణవులే' కూడా గెలుస్తుంది, కానీ పాత పాటలు తెలిసినవారికి అందులో మరో పొర దొరుకుతుంది. రెండు గెలుపుల్లో ఏది పెద్దదన్నది మీ నిర్ణయానికే వదులుతున్నాను. నిర్ణయం ఏదైనా కారణం రాయాలి.

7.7 సారాంశం

జిక్కి 1950లలో జానపదం నుంచి రాగమాలిక దాకా పాడిన గాయని. 1960ల తరువాత తెలుగు సినిమా ఆమెను పిలవడం దాదాపు మానేసింది, ఆమె మాత్రం వేదికల మీద పాడుతూనే ఉన్నారు. తన పాటలు తానే కట్టుకునే ఉతాదా వంటి గాయని విరామాన్నీ పునరాగమనాన్నీ తానే నిర్ణయించుకోగలదు. నేపథ్యగాయనికి ఆ అధికారం లేదు. అందువల్ల నేపథ్యగాయని పునరాగమనాన్ని అంచనా వేసేటప్పుడు గానాన్నీ, ఆ గొంతుకు అప్పగించిన పనినీ కలిపి పరిశీలించాలి. 'వెలుగురేఖలవారు', 'అలనాటి రామచంద్రుడు' పాటలు ఆమె గొంతును పెద్దతరానికి గుర్తుగా వాడాయి. 'జాణవులే' ఆ గొంతులోని పాతకాలపు ముద్రను కథకు వాడుకుంటూనే, దాని కొంటెతనాన్ని మళ్లీ పనిలో పెట్టింది.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈ కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాల్లో జవాబులు రాయండి.

1. 'జిక్కి చాలా ఏళ్లు పాడలేదు' అనడం ఎందుకు సరికాదు?
2. 'ఆదిత్య 369'లో జిక్కి గొంతు ఏ కాలానికి గుర్తుగా వినిపిస్తుంది? అది సాధ్యమైన కారణం ఏమిటి?
3. 'ఈ వయసులో కూడా బాగా పాడారు' అనే వాక్యంలో విమర్శపరంగా ఉన్న లోపం ఏమిటి?

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. విరామం తరువాత జిక్కి పాడిన మూడు పాటలను పోల్చి, వాటిలో ఆమె గొంతుకు ఏది సరైన న్యాయం చేసిందో కారణాలతో వివరించండి.
2. పాప్ గాయని, నేపథ్యగాయని, ప్రజాగాయకుడు: ఈ ముగ్గురి విరామాల్లోని తేడాలను ఉదాహరణలతో చర్చించండి.

7.10 అభ్యాసం

మీ ఇంట్లో గానీ, మీ కాలనీలో గానీ అరవై దాటిన ఒక శ్రోతను ఎంచుకోండి. యైటింక్లైన్ కాలనీ క్వార్టర్లలో ఉన్నా, పెద్దపల్లి బజారులో ఉన్నా అలాంటివారు దొరుకుతారు. వారికి 'హాయి హాయిగా', 'జాణవులే' పాటలు వరుసగా వినిపించి, రెండో పాటలో వారికి వినిపించిన మార్పులను వారి మాటల్లోనే రాసుకోండి. ఆ తరువాత ఇరవై ఏళ్లలోపు శ్రోతకు అవే పాటలు తిరగేసిన వరుసలో వినిపించండి. రెండు జవాబుల మధ్య తేడాను ఒక పేజీలో విశ్లేషించండి. గాయని వయసు ప్రస్తావన లేకుండా ఆ పేజీ పూర్తిచేయాలన్నది ఒక్కటే నియమం.